జనవరి ఒకటి

ఖాజీపేట రైల్వే సామాను వేలంల
పదహారు వందలకు తెచ్చిన డబ్బా ఇది.
పక్క రేకు లేదు. లోపలి ఫ్యాను
జిన్నింగు మిల్లుల పనిచేసినోని లెక్క దగ్గుతది.
దుమ్ము దులిపి, రెండు డిస్కులు బిగించి
వడ్డేపల్లి చెరువు కట్ట కింద మా అద్దె గదిల
బియ్యం డ్రమ్ము మీద కూసోబెట్టిన.

ఎందుకమ్మా ఈ తిప్పలు, అంటడు ఓనరు మొగిలి సారు,
నెలకు నూట ముప్పై పడేస్తే వాళ్లే దాస్తరట గద.
దాస్తరు సారు.
కట్టని నెల "నిండింది" అని ఒక్క ముక్క పంపుతరు.
వడ్లు ఎవలయి, గోదాం ఎవలది,
తాళంచెవి ఎవల బొడ్ల ఉన్నది
గుమ్మి ఉన్న ఇంట్ల పుట్టినదాన్ని, నాకు తెల్వదా.

కోడు నా ఒక్కదానిది కాదు.
నాటుకు నువ్వు మా మడికి రా, కోతకు నేను మీ మడికి వస్త,
అట్ల బదులు పోయినట్టు
ఏ మంచుదేశంలనో నిద్రపట్టనోడు
నా ఫోటోలు అడ్డం పడుతున్నయని చూసి
నాలుగు లైన్లు దిద్ది పోయిండు.
కూలి అడగలే.
ఆ వారమే నేను ఇంకెవలిదో తెర మీద
క కింద జారిపోతున్న ష వత్తును
ఎత్తి దాని జాగల దానికి పెట్టిన.

మొదటి ఫోటోలు యాకమ్మవి.
మిర్చి తొడిమెలు తీసి తీసి ఎర్రగైన చేతులతోని
బిస్కెట్ల డబ్బా తెచ్చింది.
నాలా పొంగిన ఏడు అటక మీద ఉండబట్టి బతికినయి.
చౌరస్తా జిరాక్సు షాపుల స్కాను చేయించి ఎక్కించిన.
నలభై ఒక్కటీ ఒక్క తేదీ కింద పడ్డయి.
1970, జనవరి ఒకటి.
తేదీ లేనిదాన్ని యంత్రం అక్కడికే తోలుతది,
దానికి కాలం అక్కడ్నే మొదలు.
పుట్టెంటికలు, పెండ్లి, మేడారం తోవల ఎడ్లబండి,
ఎవలదో ఆఖరి తానం
అన్నీ ఒక్క పొద్దుగాల, ఐదున్నరకు.

తప్పు నాదే, దిద్దుత అన్న. సిగ్గైంది.
యాకమ్మ నవ్వింది.
"నా ఆధార్ల సుత గదే ఉంటది బిడ్డా.
ఎప్పుడు పుట్టినవని అడిగిండు రాసెటోడు.
మక్కకంకులు పీసు ఏసిన నాడు,
కలుపు కాడ మా అవ్వకు నొప్పులొచ్చినయంట అన్న.
కంప్యూటర్ల పీసు లేదమ్మా అని
జనవరి ఒకటి కొట్టిండు.
మా వాడల సగం మందిమి ఆ దినమే పుట్టినం.
ఒక్క మంత్రసాని ఎట్ల చేసిందో ఏమో."

ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
బ్యాటరీ కీచుమంటుంటే
తేదీ గడి పక్కన ఇంకో గడి కట్టిన.
అంకెలు అడగదు. "ఎప్పటిది?" అంటది, గంతే.
ఆమె చెప్పింది, నేను కొట్టిన.
మిర్చికి ధర పడి బస్తాలు మార్కెట్లనే ఇడిసొచ్చిన ఏడు.
పెద్దోనికి ఇంకా మాటలు రాని నాడు.
రెండు జాతర్ల నడుమ.

ఒక ఫోటో కాడ ఆగింది.
కొంగు పట్టుకొని నిలబడ్డ పిల్ల, కాళ్లకు పట్టగొలుసులు.
"దీనికేం రాయకు. నాకు ఎరుకే."

ఖాళీ గడిని యంత్రం ఒప్పుకోవాలె కద.
రాయనిదాన్ని జనవరికి ఎల్లగొట్టకుండ
ఆమె పెట్టిన కాడ్నే ఉండనియ్యాలె.
దానికి తెల్లారిపోయింది.

రెండో డిస్కు పరకాలల మా చిన్నమ్మ ఇంట్ల ఉన్నది,
పసుపు డబ్బాల ఎనుక.
ఈసారి నాలా పొంగితే రెండూర్లు ముంచాలె.

మార్పు అందరికీ పంపిన.
మంచుదేశపోడు అడిగిండు, పీసు అంటే ఏంది?
ములుగు రోడ్డు బండి కాడికి పోయి
కాల్చకుండ ఇయ్యి అంటే బండామె ఎగాదిగా చూసింది.
పొట్టు సగం ఒలిచి, ఎండకు పట్టి
తేనె రంగు పోగులు కనబడేటట్టు ఫోటో దీసి పంపిన.

కంకిని యాకమ్మ కాల్చుకొని తిన్నది.